పారబోసిన ఆముదం

హెలికాప్టర్ మళ్ళీ దిగిపోయింది. అది కూడా మర్యాదగా కాదు, మూలుగుతూ, పొగ కక్కుతూ, తోక అటూ ఇటూ ఊపుకుంటూ దిగింది. కింద కట్టిన బుట్టలో గులాబీ రేకులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మద్దిలేటి రిమోట్ పక్కన పెట్టి పరుగెత్తి, ఇంజన్ వెనక పలకకి వేలు ఆనించాడు. చుర్రుమంది.

"ఛీ! దీని దుంపతెగ!" అని వేలు విదిలించుకున్నాడు.

రేపు సాయంత్రమే గంధం.

చూడ్డానికి అది బొమ్మే. చంకలో పెట్టుకుని సైకిల్ మీద తీసుకెళ్ళొచ్చు. కానీ లోపల ఉన్నది నిజం ఇంజన్, నిజంగానే ఇంధనం తాగుతుంది. కర్నూలు పక్కన ఒక ఊళ్ళో గుట్ట కింద దర్గా ఉంది. ఉరుసుకి గంధం ఊరేగింపు గుట్ట మొదటికి రాగానే ఆగుతుంది. జనాన్ని తాళ్ళ వెనక నిలబెట్టి, ముందున్న ఖాళీ దారి మీద ఈ బుల్లి హెలికాప్టర్ ఎగిరి రేకులు చల్లుతుంది. రేకులు రాలితేనే గంధం ముందుకు కదులుతుంది.

ఈ ఆచారం పెట్టింది ఉస్తాద్ పీరాసాహెబ్. ఆ ఊళ్ళో హెలికాప్టర్ ఎగరేసేవాళ్ళంతా ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్ళే. ఈ మధ్య ఆయన కళ్ళకి పొర కమ్మింది. "ఈసారి నువ్వు ఎగరెయ్ బేటా" అని రిమోట్ మద్దిలేటి చేతిలో పెట్టాడు. పెట్టాడంటే మాటలా? తన తర్వాత ఉస్తాద్ ఎవరో ఊరందరికీ చెప్పినట్టే కదా.

ఇక మద్దిలేటి సంగతి. బోరు మోటార్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. పనిమంతుడు, అందులో వంక పెట్టడానికి లేదు. కాకపోతే రెండు జబ్బులు. ఒకటి ముక్కుమీద కోపం. రెండోది, ఏదైనా వదులుగా కనపడితే ఒళ్ళు జిలజిలమంటుంది. పెళ్ళికి పిలిస్తే భోంచేసి ఊరుకోడు, ఆ ఇంటి గేటు బోల్టు బిగించి మరీ వస్తాడు. ఒకసారి ఎవరింట్లోనో కుళాయి బిగిస్తే, అది తిప్పలేక ఆ ఇంటి ముసలామె వీధిలోకొచ్చి శాపనార్థాలు పెట్టింది.

ఉరుసు దగ్గర పడుతుండగా హెలికాప్టర్‌లో పెద్ద పళ్ళచక్రం అరిగిపోయింది. మద్దిలేటి కొత్తది తెచ్చి తనే వేశాడు. వేసిన తీరు చూసుకుని తనే మురిసిపోయాడు. ఆ మర్నాటి నుంచి మొదలైంది ఈ పీడ. లేవడం బాగానే లేస్తుంది. కాసేపటికి బలం సడలుతుంది, ఒళ్ళు కాలిపోతుంది, దిగిపోతుంది.

బలం తగ్గితే మద్దిలేటి ఏం చేశాడు? ఇంజన్‌లోకి ఇంధనం ఎంత పోవాలో చెప్పే చిన్న మర ఒకటుంటుంది, నీడిల్ అంటారు. దాన్ని కాస్త మూశాడు. ఇంధనం తగ్గగానే ఇంజన్ ఒక్క ఊపున గట్టిగా అరిచింది. "ఆహా, దారికొచ్చింది" అనుకున్నాడు. మళ్ళీ సడలింది. మళ్ళీ కాస్త మూశాడు. ఏమండీ, ఆ ఇంధనంలో కలిపిన ఆముదమే కదా ఇంజన్‌కి నునుపూ చల్లదనమూ! దాన్నే కడుపుకి చాలకుండా చేస్తే అది కాలక ఏం చేస్తుంది? ఈ సంగతి మద్దిలేటికి తెలియదా? తెలుసు. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి తనే చెబుతాడు. కోపంలో ఉన్నప్పుడు మనిషికి తెలిసినవేవీ పనిచెయ్యవు కాబోలు.

ప్లగ్గు మార్చాడు. ప్లగ్గు చేసినవాణ్ణి తిట్టాడు. ఎండని తిట్టాడు. చివరికి దస్తగిరమ్మ మీద పడ్డాడు.

దస్తగిరమ్మది బజారు వెనక సందులో గానుగ. ఆముదం ఆడిస్తుంది. ఆ ఊళ్ళో హెలికాప్టర్లకి ఇంధనం కలిపేది కూడా ఆవిడే. స్పిరిట్‌లో ఆముదం కొలిచి కలిపి, డబ్బాల్లో పోసి, ప్రతి డబ్బాకి మైదా బంకతో ఒక చీటీ అంటిస్తుంది. చీటీ మీద వంకరటింకర అక్షరాలతో తన పేరు.

"పేరెందుకత్తా?" అని ఎవరైనా అడిగితే, "బాగుంటే నా పేరు చెప్పుకోండి. బాగలేకుంటే నా ఇంటికొచ్చి నన్నే తిట్టండి. ఊరందర్నీ తిట్టే పని తప్పుతుంది గదా" అనేది.

మద్దిలేటి ఆవిడ ఇంటికి పోయి తిట్టలేదు. నిన్న మధ్యాహ్నం టీ కొట్టు ముందు, ఎగరేసేవాళ్ళంతా కూర్చుని ఉండగా, దస్తగిరమ్మ అటుగా పోతుంటే పిలిచి నిలబెట్టాడు. ఆవిడ కళ్ళముందే డబ్బా మూత తీసి, ఉన్నదంతా పక్కనున్న మురుగు మోరీలోకి వంపేశాడు. గుడగుడమంటూ పోయింది. ఆముదం వాసన బజారంతా కొట్టింది. ఖాళీ డబ్బా మీది చీటీ పర్రుమని పీకి చేతిలో ఆడించాడు.

"చూడండప్పా! ఇంజన్‌కి పొయ్యాల్సింది పోస్తాందో, మాడిన నూనె పోస్తాందో! ఈమె కల్తీకి నా ఇంజన్ గుండె ఆగిపోతాంది!"

ఒక్కడైనా నోరు తెరిచాడా? ఏళ్ళ తరబడి ఆవిడ కలిపిన ఇంధనంతో హెలికాప్టర్లు ఎగరేసినవాళ్ళు! ఒక్కడైనా "అది కాదు మద్దిలేటీ" అన్నాడా? లేదు. టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి ఇద్దరు తమ డబ్బాలు తెచ్చి గానుగ గడప ముందు పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఎంత అన్యాయమండీ!

దస్తగిరమ్మ మాత్రం ఆ నడిబజార్లో ఏడవలేదు, అరవలేదు. మోరీ వైపు ఒకసారి చూసింది. "పారబోసేముందు ఒక్క మాట అడిగింటే బాగుండు నాయనా" అని, కొంగు బిగించుకుని వెళ్ళిపోయింది.

మద్దిలేటి ఎవరి దగ్గరో పట్నం డబ్బా ఒకటి అరువు తెచ్చాడు. ఇందాక దిగిపోయింది ఆ పట్నం ఇంధనంతోనే. ఇంకొకడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. మద్దిలేటి ఆలోచించాడు గాని, తనకి కావలసిన వైపే ఆలోచించాడు. "ఆమె ఆముదం ముందే లోపలంతా పాడుచేసి పెట్టింది. ఇప్పుడు అమృతం పోసినా ఏం లాభం?" అనుకుని, హెలికాప్టర్‌ని చంకలో ఇరికించుకుని ఉస్తాద్ ఇంటికి బయల్దేరాడు.

పీరాసాహెబ్ వాకిట్లో చాప మీద కూర్చుని రేపటి కోసం గులాబీలు ఒలుస్తున్నాడు. కళ్ళు సరిగా ఆనవు కాబట్టి పని వేళ్ళే చేస్తున్నాయి. పువ్వు తీసుకోవడం, తొడిమ తుంచడం, రేకులు గంపలో వెయ్యడం.

"ఉస్తాద్! ఈ ఊళ్ళో న్యాయం చచ్చిపోయింది!" అంటూనే మద్దిలేటి గడప దాటాడు.

"కూర్చో" అన్నాడు ఉస్తాద్.

మద్దిలేటి కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు. దస్తగిరమ్మ కల్తీ. ఉస్తాద్ ఒక పువ్వు ఒలిచాడు. ప్లగ్గు కంపెనీ మోసం. ఇంకో పువ్వు. పట్నం డబ్బా కూడా నకిలీ. ఇంకోటి. మనుషులు చూడాలని ఎండ దిగకముందే ఎగరెయ్యమనే దర్గా పెద్దలకి బుద్ధి లేదు. ఇంకోటి.

"ఇంకా?" అన్నాడు ఉస్తాద్.

"ఇంకా ఏంది ఉస్తాద్? చాలదా?"

"ఇంకెవరైనా మిగిలినారేమో అని."

మద్దిలేటికి అరికాలి మంట నెత్తికెక్కింది. చొక్కా జేబులోంచి చీటీ తీసి ఉస్తాద్ ముందు చాప మీద పెట్టాడు. "ఇదో, సాక్ష్యం! ఆమె పేరే, ఆమె రాసిందే. దీన్ని దర్గా పెద్దల ముందు పెడతా. ఇంక ఈ ఊళ్ళో ఆమె డబ్బా ఎవరూ ముట్టకూడదు. మీరొక్క మాట అనండి, చాలు."

ఆ ఒక్క మాట ఆయన అంటే అయిపోయినట్టే. ఉస్తాద్ మాట కాదనేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. దస్తగిరమ్మ ఇక గానుగకి తాళం వేసుకోవలసిందే.

ఉస్తాద్ చీటీ అందుకున్నాడు. వేళ్ళతో తడిమి, మోకాలి కింద పెట్టుకున్నాడు. "బండి ఇట్ల తే" అన్నాడు.

మద్దిలేటి హెలికాప్టర్ చాప మీద దించాడు.

"పెద్ద చక్రం చేత్తో తిప్పు."

మద్దిలేటి తిప్పాడు. చక్రం కదిలింది, ఒకచోట పట్టేసింది, ఇంకాస్త బలం పెడితే మళ్ళీ కదిలింది.

"ఎట్లుంది?"

"దిట్టంగా ఉంది ఉస్తాద్!" అంత కోపంలోనూ మద్దిలేటి ఛాతీ పొంగింది. "పాతది గలగలమంటుండె. అది వింటే నాకు నిద్ర పట్టేది కాదు. ఇది నేనే వేసినా. ఇంజన్ చిన్న చక్రం దీన్ని ఎట్ల కరుచుకుందో చూడండి. దోమ దూరే సందు కూడా లేదు."

"అట్లనా" అన్నాడు ఉస్తాద్.

ఇంజన్ బోల్టులు వదులు చెయ్యమన్నాడు. మద్దిలేటికి ప్రాణం ఒప్పలేదు, అయినా చేశాడు. ఉస్తాద్ చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, ఇందాక పట్టేసిన చోటు వేళ్ళతోనే వెతికి పట్టుకున్నాడు. మోకాలి కిందనుంచి చీటీ తీసి, పొడుగ్గా ఒక పేలిక చించాడు. పేరున్న పేలిక. దాన్ని పెద్ద చక్రానికీ చిన్న చక్రానికీ నడుమ పెట్టి, ఇంజన్‌ని దగ్గరికి నొక్కి పట్టుకున్నాడు.

"ఇప్పుడు బిగించు."

మద్దిలేటి బిగించాడు. ఉస్తాద్ చక్రం తిప్పాడు. కాగితం పేలిక రెండు చక్రాల నడుమ నలుగుతూ, అటువైపు నుంచి నెమ్మదిగా బయటికొచ్చింది.

"తిప్పు."

మద్దిలేటి వేలితో అలా అన్నాడో లేదో, చక్రం గిర్రున తిరిగింది. ఎక్కడా పట్టలేదు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఉందా లేదా అన్నంత చిన్న చప్పుడు. ఇన్నాళ్ళూ తను చంపెయ్యాలని చూసిన చప్పుడు అదే.

మద్దిలేటికి ముఖం మాడిపోయింది. బిగిసిన చక్రాన్ని లాగలేక ఇంజన్ సగం చచ్చింది. మిగతా సగం తనే నీడిల్ మూసి చంపాడు. ఉస్తాద్ ఆ నీడిల్ కూడా వేళ్ళతో వెనక్కి తిప్పుతున్నాడు, ఒక్క మాటైనా అనకుండా. అదింకా మండించింది.

"ముందే చెప్పచ్చు గదా ఉస్తాద్!" అన్నాడు మద్దిలేటి. "రోజూ మీ దగ్గరికొచ్చి మొత్తుకుంటానే ఉన్నా గదా. ఒక్కమాట అంటే ఏం పోయింది?"

"నువ్వు చెప్పను వచ్చినావు, నేను విన్నా. అడగను ఎప్పుడొచ్చినావు బేటా?"

మద్దిలేటి చేతిలోని స్పానర్ చాప మీద పెట్టేశాడు.

ఉస్తాద్ స్పానర్ అందుకుని ఇందాక బిగించిన బోల్టులన్నీ మళ్ళీ వదులు చేసేశాడు. "రేపు ఈ సందు నువ్వే పెట్టుకో" అని, ట్యాంకు మీద వేలితో కొట్టి చూశాడు. ఖాళీ చప్పుడు. "ఇంధనం?"

పట్నం డబ్బా అడుగంటింది. దస్తగిరమ్మది మోరీ పాలయింది.

ఉస్తాద్ కాగితం పేలిక మద్దిలేటి అరచేతిలో పెట్టాడు. "ఇది ఆమెది" అని, మిగిలిన గులాబీల మీదికి వంగిపోయాడు.

వీధిలోకొచ్చాక మద్దిలేటి పేలిక విప్పి చూశాడు. చక్రాల పళ్ళు దాన్ని కొసనుంచి కొసదాకా కొరికిపెట్టాయి. దస్తగిరమ్మ పేరులో ఒక్క అక్షరం కూడా పంటిగాటు లేకుండా మిగల్లేదు. ఒళ్ళు భగ్గుమంది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

గానుగ దగ్గరికి వెళ్ళేసరికి దస్తగిరమ్మ ఆముదాలు చెరుగుతోంది. గడప పక్కన, వెనక్కి తెచ్చి పడేసిన డబ్బాలు వరసగా ఉన్నాయి. నిన్న రెండు, ఇవాళ ఇంకా కలిశాయి. వాటిని దాటుకుని లోపలికి పోవడానికి మద్దిలేటికి కాళ్ళు రాలేదు.

"అత్తా" అన్నాడు బయటినుంచే.

ఆవిడ చేట ఆపలేదు.

"అత్తా, తప్పు నాదే. ఆముదంలో ఏం లేదు. చక్రం నేనే బిగించినా."

చేట ఆగింది. "ఏందీ?"

"తప్పు నాదే అంటున్నా అత్తా" అన్నాడు ఇంకా గొంతు తగ్గించి.

దస్తగిరమ్మ లేచి నిలబడింది. నిన్న బజార్లో బయటికి రాని కోపమంతా ఇప్పుడొచ్చింది. "పారబోసింది నడిబజార్లోనా, కాదా? పదిమందిలో కల్తీదాన్ని చేస్తివి! తప్పు నాదని చెప్పను మాత్రం సందులోకి వచ్చి గొణుగుతున్నావా? నా చెవికి చెబితే ఎవరికి కావాల? నా ఆముదం సంగతి నాకు తెలీదా?"

మద్దిలేటి తల దించుకుని పేలిక చాపాడు. ఆవిడ తీసుకుని వెలుగులో పెట్టి చూసింది. పళ్ళగాట్ల మీద బొటనవేలితో రాసింది. "నా పేరు బాగా నమిలినావే" అని తిరిగి అతని చేతిలోనే పడేసింది. "నాకెందుకిది? నువ్వే పెట్టుకో."

లోపలికి వెళ్ళి, కొత్త చీటీ అంటించిన నిండు డబ్బా ఒకటి చంకనెత్తుకొచ్చింది. మద్దిలేటి అందుకోబోతే ఇవ్వలేదు. "నడువు ముందు" అంది.

టీ కొట్టు దగ్గర సాయంత్రపు జనం నిన్నటికంటే ఎక్కువే ఉన్నారు. దస్తగిరమ్మ డబ్బాని సరిగ్గా ఆ మోరీ అంచున పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు. అరవడం పుట్టుకతో వచ్చినవాడికి ఆ పూట గొంతు పెగలడానికి చాలాసేపు పట్టింది.

"ఆముదం మంచిదే. గేరు నేనే బిగించినా. తప్పు నాది" అన్నాడు.

"ఏందప్పా? వినపళ్ళేదు" అన్నాడు వెనక బెంచీ మీద నుంచి ఒకడు. వాడు వినపడకే అన్నాడో, వేడుక చూద్దామని అన్నాడో గాని, నిన్న కల్తీ అన్నప్పుడు మాత్రం వాడికి శుభ్రంగా వినపడింది.

మద్దిలేటి చెవులు ఎర్రబడ్డాయి. పిడికిలి బిగుసుకుంది. అందులో కాగితం పేలిక ఉందని గుర్తొచ్చి, పిడికిలి వదిలాడు. మళ్ళీ చెప్పాడు, ఈసారి రోడ్డవతలి బట్టల కొట్టుదాకా వినపడేలా.

దస్తగిరమ్మ బెంచీల వైపు తిరిగింది. "వీడు ఒప్పుకున్నాడు. వీడు పారబోస్తా ఉంటే టీ తాగుతా కూర్చున్నోళ్ళు, మీ డబ్బాలు నా గడప కాడ ఉన్నాయి. వచ్చి అడిగి తీసుకోండి. మీరూ నోటితోనే అడగాల" అంది. ఆవిడ డబ్బా మద్దిలేటి చేతికిచ్చి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం గంధం గుట్ట మొదటికొచ్చి ఆగింది. డప్పులు ఆగాయి. తాళ్ళ వెనక జనం మెడలు పైకెత్తారు. మద్దిలేటి రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు, పక్కన స్టూలు మీద ఉస్తాద్. హెలికాప్టర్ బుట్టతో సహా లేచింది. ఇన్నాళ్ళూ సడలిపోయే ఘడియ రానే వచ్చింది. మద్దిలేటి చెవులు రిక్కించాడు. ఇంజన్ చప్పుడు మారలేదు. హెలికాప్టర్ దారి నడుమదాకా పోయి, అక్కడే గాలిలో నిలబడింది, బుట్ట తెరుచుకుంది. రేకులు దారి పొడుగునా రాలాయి. గంధం కదిలింది.

దిగాక మద్దిలేటి దాన్ని తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాడు. ఆయన తడుముకుంటూ చెయ్యి చాచి, ఇంజన్ వెనక పలక మీద వేలు ఆనించాడు.

"సందు ఎంత పెట్టినావు?" అని అడిగాడు.

తాడు అవతల దస్తగిరమ్మ, రేకులు తొక్కబోయిన వాళ్ళెవర్నో గట్టిగా గదమాయిస్తోంది. మద్దిలేటి అటే చూస్తూ, చొక్కా జేబులో పేలిక ఉన్న చోట చెయ్యి పెట్టుకున్నాడు.

"అత్త పేరంత, ఉస్తాద్."

ఉస్తాద్ వేలు ఇంకా ఇంజన్ మీదే ఉంది.